గోడ బయటి నల్లా

"అజీ, మీ మనవరాలు నాలుగు రోజుల సంది చున్నీ మూతికి అడ్డం పెట్టుకొనే మాట్లాడుతున్నది. చూసిండ్రా?" అంది ఖాతూన్, చాయ్ గిలాస భర్త ముందు పెడుతూ.

బద్రుద్దీన్ చూడలేదు. పొద్దున ఆ వేళకు అతని ధ్యాసంతా మోటారు మీదే ఉంటుంది. నమాజు చదువుకొని వచ్చి, వరండా గోడకు బిగించిన స్టార్టర్ డబ్బా తెరిచి, పచ్చబొత్తాం నొక్కి, తల కాస్త పక్కకు వంచి నిలబడతాడు. బొగ్గుబాయిలో పంపుల దగ్గర ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. మోటారు మోత కాస్త బరువెక్కినా అతనికి తెలిసిపోతుంది. పైపులో ముందు గాలి గుర్రుమంటుంది, తరువాత గొంతు సవరించుకున్నట్టు రెండు దగ్గులు, ఆ వెనుక ధార. ఆ ధార ముందుగా ఇంట్లోకి రాదు. కాంపౌండు గోడకు రోడ్డు దిక్కు బిగించిన నల్లాకు పోతుంది. అక్కడ అప్పటికే గల్లీ ఆడవాళ్ల బిందెలు వరుసగా కూచుని ఉంటాయి.

కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, ఓపెన్‌కాస్టు గని మట్టిగుట్టల దిక్కు ఉన్న ఈ ఎత్తు గల్లీకి వచ్చినప్పుడు ఇక్కడ ట్యాంకరు వస్తేనే నీళ్లు. అందుకని ముందు బోరు వేయించి, ఆ తరువాతే ఇంటికి పునాది తీశాడు. నల్లా మీద గోడలో తెల్లటి చిన్న రాయి పెట్టించి, దాని మీద చనిపోయిన తల్లి పేరు చెక్కించాడు. ఆ నీళ్లు పారుతున్నంత కాలం పుణ్యం ఆమెకు చేరుతుందని అతని నమ్మకం. తరువాత మున్సిపాలిటీ నల్లాలు కూడా వచ్చాయి కానీ, రోజు విడిచి రోజు వచ్చే ఆ నీళ్లకు బ్లీచింగు వాసన. వాటితో గిన్నెలు కడుక్కొని, బట్టలు తడుపుకొని, తాగడానికి మాత్రం గల్లీ అంతా ఈ గోడ దగ్గరికే వస్తుంది.

"ధార జోరుగున్నది బద్రన్నా ఇయ్యాల," అంది మల్లక్క బయటి నుంచి. గల్లీ దిగువ మలుపులో ఇల్లు ఆమెది. మార్కెట్లో కూరగాయలు అమ్ముతుంది. ఆమె బిందె ఎప్పుడూ వరుసలో మొదటిది.

"తాగుండ్రి తాగుండ్రి," అన్నాడు బద్రుద్దీన్ రోజూ అనే మాటే, రోజూ అంత సంబరంగానే.

చాయ్ గిలాస కడుగుదామని అతను పెరట్లోకి వెళ్లేసరికి ఖుష్నుమా కుళాయి గట్టు దగ్గర గొంతుక్కూచుని ఉంది. అయిదో తరగతి పిల్ల. తల్లి సుమైరా పురుటికి మంచిర్యాల పోయినప్పటి నుంచి తాత, నాయనమ్మల దగ్గరే పడుకుంటోంది. తండ్రి తాబిష్‌కు జ్యోతినగర్‌లో షిఫ్టు డ్యూటీ. ఇంట్లో ఉంటే నిద్రలో ఉంటాడు. పిల్ల ఎడమ అరచేతిలో ఎర్రటి పొడి, కుడి చూపుడువేలు పళ్ల మీద పైకీ కిందికీ పరుగెడుతోంది. ఇటుకపొడి. ఉమ్మితే గట్టు మీద ఇటుక ఎరుపు కాక ఇంకో ఎరుపు కూడా కనిపించింది.

బద్రుద్దీన్ వంగి ఆ చెయ్యి పట్టుకున్నాడు. "ఏంది బేటీ ఇది? నెత్తురు వస్తున్నది."

"పోతలేవు దాదా." చెయ్యి విడిపించుకొని మళ్లీ మూతి మీద పెట్టుకుంది. "ఎంత తోమినా పోతలేవు."

బతిమిలాడి చెయ్యి తీయించి చూశాడు. ముందు పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు, వాటి పైనా కిందా సుద్ద పూసినట్టు తెల్లటి మరకలు. కొత్తవేమీ కావు. పాలపళ్లు ఊడి ఈ పళ్లు వచ్చినప్పటి నుంచి చూస్తున్నవే. చూసీ చూసీ ఆ పిల్ల ముఖంలో భాగమే అనుకున్నాడు.

సంగతి కొంచెం కొంచెంగా బయటికి వచ్చింది. త్వరలో బడిలో వార్షికోత్సవం. వచ్చినవాళ్లకు స్వాగతం చెప్పే మాటలు ఖుష్నుమాకు ఇచ్చారు. నెల రోజులుగా కంఠతా పట్టింది. నాలుగు రోజుల కింద స్టేజీ మీద నిలబెట్టి చెప్పించి చూసిన ఉమామహేశ్వర్ సారు, దగ్గరికి వచ్చి, "గుట్కా తింటవా ఏంది నువ్వు, పండ్లు గట్లున్నయి?" అన్నాడట. క్లాసంతా నవ్విందట. మర్నాడు ఆ మాటలు వేరే పిల్లకు ఇచ్చేశాడు.

"నీకు అన్నీ మంచిగ వచ్చు గని, ముందట నిలబడితె బాగుండది అన్నడు," అంది. ఏడవలేదు. నోరు కడుక్కొని, మూతి తుడుచుకొని, చున్నీ కొంగు పళ్ల మధ్య బిగించుకొని లోపలికి వెళ్లిపోయింది.

బద్రుద్దీన్ అప్పటికప్పుడు చొక్కా తొడుక్కున్నాడు. ఖాతూన్ గుమ్మంలో అడ్డం నిలబడింది. "ఎటు?"

"బడికి. ఆ సారును అడుగుత."

"అడుగుదురు గని. ముందుగాల పిల్లను పండ్ల డాక్టరుకు చూపించుండ్రి. సారుతోని మాట్లాడేది నేను మాట్లాడుత."

*

లక్ష్మీనగర్‌లో మందుల దుకాణం పైన మొదటి అంతస్తులో ఉంది పళ్ల దవాఖాన. డాక్టరు శ్రీహిత చిన్న వయసు మనిషి, మంథని వాళ్ల అమ్మాయి. కుర్చీ వెనక్కి వాల్చి, లైటు దించి, "పేరేంది? ఖుష్నుమానా? ఎంత మంచి పేరు. ఏదీ, ఒక్కసారి ఆ అని," అంది. తుడిచింది. సన్నటి గొట్టంతో గాలి ఊది పన్ను ఆరబెట్టింది. ఆరిన పన్ను మీద చారలు ఇంకా స్పష్టంగా తేలాయి. చిన్న అద్దం తిప్పి వెనుకవైపు కూడా చూసింది.

"దేనితోని తోముతున్నవమ్మా?"

ఖుష్నుమా చెప్పలేదు. బద్రుద్దీన్ చెప్పాడు.

"ఇటుకపొడి ఇంక ముట్టద్దు. ఇది మైల కాదు, గీకితె పోవుటానికి. పన్ను బయటికి రాకముందు, లోపల తయారైతున్నప్పుడే పడ్డ మచ్చ ఇది."

పిల్ల కుర్చీలోంచి సగం లేచింది. "అంటే నేను మంచిగ తోముకోక వచ్చింది కాదా మేడం?"

"కాదు. నీ తప్పు ఇసుమంత గూడ లేదు. అద్దంల చూడు, మంచిగ తోముకుంటవు కాబట్టే చిగుళ్లు ఇంత శుభ్రంగున్నయి. పుచ్చు పన్ను ఒక్కటి లేదు."

ఖుష్నుమా అద్దం తీసుకొని పెదవి పైకెత్తి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. ఈసారి చెయ్యి మూతి మీదికి పోలేదు. బద్రుద్దీన్‌కు ఆ డాక్టరమ్మ రెండు చేతులూ కళ్లకద్దుకోవాలనిపించింది.

"మీరు తాగేది ఏ నీళ్లు కాకా?" అంది శ్రీహిత, గ్లౌజులు తీస్తూ.

"మా బోరు నీళ్లే బిడ్డా. మూడువందల అడుగులు దింపిచ్చిన. నిండు ఎండకాలంల గూడ ధార తగ్గది. మా గల్లీ మొత్తం అవే తాగుతరు."

ఆమె చేతిలోని గ్లౌజు సగంలో ఆగింది. "గల్లీ మొత్తమా?"

"మొత్తం. పైసా తీసుకోం. మా అమ్మ పేరు మీద."

ఆమె స్టూలు దగ్గరికి జరుపుకొని అతని ఎదురుగా కూచుంది. భూమి లోపల రాళ్లలో ఫ్లోరైడ్ అని ఒకటి ఉంటుందనీ, కొద్దిగా ఉంటే అది పళ్లకు మేలేననీ, లోతు బోర్లలో కొన్నిచోట్ల హద్దు మీరి ఉంటుందనీ, పిల్లల దవడలో పళ్లు తయారయ్యే వయసులో అలాంటి నీళ్లు తాగితే ఇలా చారలు పడతాయనీ మెల్లగా చెప్పింది. పెద్దవాళ్ల పళ్లు మారవు కానీ, ఏళ్ల తరబడి తాగితే కీళ్లు పట్టేస్తాయంది.

"మేం మరగబెట్టి చల్లార్చి ఇస్తం పిల్లకు," అన్నాడు బద్రుద్దీన్.

"మరగబెడితె పోయేది కాదు కాకా అది. నా మాట మీద నిశ్చయం చేసుకోకుండ్రి. రెండు సీసాలు తీసుకొని, ఒకదాంట్ల బోరు నీళ్లు, ఒకదాంట్ల మున్సిపాలిటీ నల్లా నీళ్లు పట్టి పరీక్ష చేయించుండ్రి. ఖుష్నుమాది ఫికర్ చెయ్యకుండ్రి. కొంచెం పెద్దగైనంక ముందు పండ్లకు పైన పూత వెయ్యచ్చు, మచ్చలు కనపడయి."

మెట్లు దిగుతుంటే ఖుష్నుమా ఒక్కో మెట్టుకూ గెంతుతోంది. బద్రుద్దీన్ పక్క కమ్మీ పట్టుకొని దిగాడు. డాక్టరమ్మ చెప్పిన మాటలన్నిటిలో అతని చెవిలో మిగిలింది ఒక్కటే. గల్లీ మొత్తమా?

*

మర్నాడు పొద్దున బద్రుద్దీన్ నల్లా దగ్గర కుర్చీ వేసుకొని కూచున్నాడు. డాక్టరమ్మ చిన్నపిల్ల, ఆమెకేం తెలుసు అని రాత్రంతా తనకు తాను చెప్పుకున్నాడు. తెల్లారేసరికి ఆ మాటలో పస లేకుండా పోయింది. బిందెల వెంట వచ్చే పిల్లల్ని ఒక్కొక్కరిని దగ్గరికి పిలిచాడు.

"రుత్విక్, ఇటు రా. కోతి ఎట్ల ఇకిలిస్తది? చేసి చూపియ్యి."

మల్లక్క మనవడు రుత్విక్ రెండు చెవులూ పట్టుకొని ఇకిలించాడు. అందరూ నవ్వారు. బద్రుద్దీన్ కూడా నవ్వుతూనే చూశాడు. అవే చారలు. ఖుష్నుమా కంటే ముదురు రంగు.

సారవ్వ అని చెయ్యి వణికే ముసలామె. ఆమె వెంట వచ్చిన ఇద్దరు మనవల్లో పెద్దవాడు ఇంటరు చదువుతున్నాడు. గల్లీకి వచ్చేనాటికే ముందుపళ్లు వచ్చినవాడు. వాడి పళ్లు తెల్లగా ఉన్నాయి. చిన్నవాడు ఇక్కడే పుట్టాడు. వాడి పెదవి కింద సుద్దమరకలు. కిందటేడు పెద్దపల్లి నుంచి వచ్చిన వాళ్ల పిల్లకు ఏమీ లేదు. ఒక్కొక్కరినీ నవ్విస్తూ, కథలు చెబుతూ, చిటికెలు వేస్తూ చూశాడు. గల్లీ ఆడవాళ్లకు ముచ్చటేసింది. "మనవడు పుడుతుండని బద్రన్న ఇప్పటి సందే పిల్లలను ఆడిచ్చుడు నేర్చుకుంటున్నడు," అన్నారు.

చివరకు కాలిన మోటార్లకు వైండింగు చేసే జైపాల్ తన బిడ్డను భుజం మీద ఎక్కించుకొని వచ్చాడు. ఒకటో తరగతి పిల్ల. ముందు పాలపన్ను ఊడిందని గల్లీలో అందరికీ చూపిస్తోంది.

"కొత్తది వచ్చింది తాతా, చూడు." ఆ అని నోరు తెరిచింది.

చిగురులోంచి బియ్యపుగింజంత పన్ను తొంగిచూస్తోంది. ఇంకా పూర్తిగా బయటికే రాలేదు. దాని అంచున అప్పటికే తెల్లటి సుద్దగీత ఉంది.

"మంచిగున్నదా?"

"మంచిగున్నది బిడ్డా," అన్నాడు బద్రుద్దీన్. లేచి, కుర్చీ మడిచి లోపల పెట్టాడు.

ఆ మధ్యాహ్నం రెండు ప్లాస్టిక్ సీసాలు సంచిలో వేసుకొని నీళ్ల పరీక్ష చేసే ఆఫీసుకు వెళ్లాడు. అక్కడున్న కుర్రవాడు రెండు గాజు గొట్టాల్లో నీళ్లు పోసి, రెండింట్లోనూ ఒకే మందు చుక్కలు వేసి ఊపాడు. రెండూ గులాబీరంగు తిరిగాయి. చూస్తుండగానే బోరు నీళ్ల గొట్టంలో ఆ రంగు విరిగిపోయి పసుపుపచ్చగా మారింది. రెండోది గులాబీరంగులోనే నిలబడింది.

"ఇది తాగద్దు పెద్దమనిషీ," అన్నాడు కుర్రవాడు పసుపు గొట్టం ఎత్తిపట్టి. "ఉండాల్సిన దానికి రెండింతల మీద ఉన్నది. నల్లా నీళ్లు గోదావరియి, ఫిల్టరైతయి. బేఫికర్‌గ తాగుండ్రి." మంచి కబురు చెప్పినట్టే చెప్పాడు.

*

సాయంత్రం ఖాతూన్ అన్నానికి ఎసరు పెట్టబోతుంటే చెప్పాడు. ఆమె చేతిలోని చెంబును మెల్లగా కింద పెట్టింది. సుమైరాకు కొడుకు పుట్టాడని ఆ మధ్యాహ్నమే ఫోను వచ్చింది. ఆ సంబరంతో బోర్లించిన ఉగ్గుగిన్నె, కడిగి ఆరేసిన పొత్తిగుడ్డలు వంటింటి గట్టు మీద ఉన్నాయి. ఆమె వాటి దిక్కు చూసింది.

"మన చేతులతోనే తాగిపిచ్చినం," అన్నాడు బద్రుద్దీన్. "పుట్టిన పోరగాండ్లకు పుట్టినట్టు. అమ్మీ పేరు మీద."

"తెలిసి తాగిపిచ్చినమా?"

"తెల్వకుంటె మాత్రం..."

ఖాతూన్ వచ్చి పక్కన కూచుంది. అతని చేతివేళ్లు ఒకదానికొకటి పెనవేసుకుంటున్నాయి, బిగుసుకున్న నట్టును వదులు చేస్తున్నట్టు. ఆమె ఆ చేతుల మీద తన చెయ్యి వేసింది.

అతను తల ఎత్తకుండా, "మోటారు కాలిందని చెప్త," అన్నాడు. "ఫ్యూజు తీసేస్త. రెండు రోజులు వస్తరు, చూస్తరు, నల్లా నీళ్లకు అలవాటు పడతరు. ఎవ్వరికి ఏం చెప్పే పని లేదు. పిల్లలకు ఇంక అయ్యే నష్టం ఆగిపోతది గదా."

ఖాతూన్ తన చెయ్యి వెనక్కి తీసుకుంది. "మీ ఇష్టం. నన్ను మాత్రం ఎవరన్న అడిగితె నా నోట్లకెల్లి ఆ మాట రాదు. నేను పక్కకు పోత," అంది. లేచి, మున్సిపాలిటీ నీళ్లు పట్టిన బకెట్టు వెతికింది. వాళ్ల ఇల్లు గల్లీలో అన్నిటికన్నా ఎత్తున ఉంది. ఆ నల్లా నీళ్లు అక్కడిదాకా సరిగా ఎక్కవు. బకెట్టు అడుగున ఉన్న నీళ్లతోనే ఆ పూటకు ఎసరు పెట్టింది.

*

పొద్దున స్టార్టర్ డబ్బా తెరిచి, ఫ్యూజు పీకి, చొక్కా జేబులో వేసుకున్నాడు. గేటు బయటికి వచ్చి, "మోటారు కాలింది," అన్నాడు.

తిట్టుకుంటూ వెళ్లిపోతారనుకున్నాడు. అలా జరగలేదు.

"అయ్యో తమ్ముడా," అంది సారవ్వ, వణికే చేత్తో అతని గడ్డం పుణికి. "నువ్వు ఫికర్ పెట్టుకోకు. ముఖం చూడు ఎట్ల వాడిపోయిందో."

"ఇన్నేండ్లు నువ్వొక్కనివే ఎల్లదీసినవ్," అంది మల్లక్క. "ఈసారి ఖర్సు మాది. ఇంటింటికి నేను తిరిగి జమచేస్త. నువ్వు నోరెత్తితె నీతోని మాట్లాడ."

చెప్పినట్టే బయల్దేరింది. పది గంటలకల్లా జైపాల్ తన దుకాణం మూసి, మూడుకాళ్ల ఇనుప స్టాండు, చైన్‌పుల్లీ ఆటోలో వేసుకొని, ఇద్దరు మనుషులతో దిగాడు.

"ముందుగాల స్టార్టరు చూస్తవేమో," అన్నాడు బద్రుద్దీన్ భయంభయంగా.

"నువ్వు చూసినంక ఇంక నేను చూసేది ఏముంటది కాకా?" అన్నాడు జైపాల్. "ఈ పని నేను నేర్చుకున్నది నీ దగ్గరనే గదా. నీడకు కూసో నువ్వు."

బోరు మీద స్టాండు నిలబెట్టారు. గొలుసు లాగుతుంటే పైపు అంగుళం అంగుళం పైకి లేచింది. మూడువందల అడుగుల పైపు, దాని నిండా నీళ్లు, చివర మోటారు. ఆ బరువెంతో బద్రుద్దీన్‌కు తెలుసు. మొదటి పైపు విప్పి పక్కన పెట్టారు. ఎండ నెత్తికెక్కింది. గల్లీ ఆడవాళ్లు మజ్జిగ తెచ్చారు. పిల్లలు గొలుసు చప్పుడుకు లెక్క కలుపుతూ పాట కట్టారు. మల్లక్క కొంగులో జమైన నోట్లు ముడివేసుకొని నవ్వుతూ వచ్చి గేటు దగ్గర నిలబడింది. బద్రుద్దీన్ నీడలో కూచున్నాడు కానీ, కూచున్నచోట నిలవలేకపోతున్నాడు.

రెండో పైపు ఎక్కుతుండగా, పైపును పట్టి ఉంచే క్లాంపు జారింది. బరువంతా ఒక్కసారి కిందికి దిగింది. జైపాల్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు కానీ, బొటనవేలు చివర నలిగి నెత్తురు చిమ్మింది. అతను అబ్బా అనలేదు. వేలు నోట్లో పెట్టుకొని, ఒక్క చేత్తోనే క్లాంపు మళ్లీ బిగించబోయాడు.

"ఆపు జైపాల్," అన్నాడు బద్రుద్దీన్.

"ఏం కాలే కాకా. తోలు లేచింది, గంతే."

"ఆపమన్న. మోటారు బాగనే ఉన్నది." జేబులోంచి ఫ్యూజు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. "కాల్లేదు. ఇది నేనే తీసిన."

గొలుసు ఆగిపోయింది. పిల్లల పాట కూడా ఆగింది.

చెప్పాడు. దవాఖాన, రెండు గాజు గొట్టాలు, పసుపు తిరిగిన నీళ్లు. ఏదీ దాచకుండా, మధ్యలో ఎవరి ముఖమూ చూడకుండా చెప్పాడు. "నేను పుణ్యం అనుకున్న. మన పిల్లల పండ్లు నా నీళ్లతోనే కరాబైనయి. మీకు చెప్పే ధైర్యం లేక గిట్ల చేసిన."

మల్లక్క రుత్విక్‌ను రెక్క పట్టి ఎండలోకి లాగింది. బొటనవేలితో వాడి పైపెదవి ఎత్తి, తొలిసారి చూస్తున్నట్టు చూసింది.

"వీన్ని కొట్టిన నేను," అంది, ఎవరితోనో కాక తనతోనే. "తోముకుంట లేవని బొగ్గుపొడితోని రుద్ది రుద్ది కొట్టిన."

"అది తోమితె పోయేది కాదు మల్లక్కా," అంది వెనుక నుంచి ఖుష్నుమా. గుమ్మంలోంచి ఎప్పుడు వచ్చిందో, పిల్లల మధ్య నిలబడి ఉంది. "లోపలి సందే వస్తదట. మనది తప్పు కాదట. డాక్టర్ మేడం చెప్పింది." రుత్విక్ దిక్కు తిరిగి పెదవులు విడదీసి చూపించింది. "చూడు, నాయి గూడ గంతే."

వాడు చూశాడు. తనూ ఇకిలించాడు. ఇంకో ఇద్దరు పిల్లలు వచ్చి వాళ్ల పళ్లు చూపించుకున్నారు. పెద్దవాళ్లలో మాత్రం ఎవరి ముఖమూ విప్పారలేదు. మల్లక్క కొంగు ముడి విప్పి ఎవరి నోట్లు వాళ్ల చేతుల్లో పెట్టి, ఖాళీ బిందె చంకనెత్తుకొని గల్లీ దిగి పోయింది. ఒకరి వెనుక ఒకరు అందరూ వెళ్లారు. జైపాల్ వేలికి గుడ్డ చుట్టుకొని పైపులు మళ్లీ దించాడు. బద్రుద్దీన్ చెయ్యి వేయబోతే వద్దనలేదు, రమ్మనీ అనలేదు. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి నట్లు బిగించారు.

*

ఆ తరువాత గేటు ముందు బిందెల చప్పుడు లేదు. ఎప్పుడూ తడిగా ఉండే నల్లా కింది నేల ఆరి, పగుళ్లు తేలింది. బద్రుద్దీన్ పొద్దున్నే లేచి, అలవాటుగా వరండాలోకి వచ్చి, స్టార్టరు దిక్కు చూసి, మళ్లీ లోపలికి వెళ్లేవాడు. మాట్లాడడం తగ్గింది. ఖాతూన్ మాత్రం అన్నమాట ప్రకారం బురఖా వేసుకొని బడికి పోయి వచ్చింది. ఉమామహేశ్వర్ సారుతో ఏం మాట్లాడిందో ఇంట్లో చెప్పలేదు. సాయంత్రం ఖుష్నుమా వచ్చి, సారు క్లాసులో అందరి ముందరా తనది తప్పయిందన్నాడనీ, స్వాగతం మాటలు మళ్లీ నువ్వే చెప్పమన్నాడనీ చెప్పింది.

"మరి నువ్వేమన్నవ్?"

"ఆలోచించి చెప్త సార్ అన్న."

ఆ నాలుగు రోజుల్లో బద్రుద్దీన్ నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. శుక్రవారం సుమైరా బిడ్డతో వస్తుంది. ఇంట్లో మంచినీళ్లు అడుగంటాయి. తెల్లవారితే నల్లా వచ్చే రోజు. సైకిలుకు రెండు క్యాన్లు కట్టుకొని గల్లీ కిందికి పోయి పట్టుకు రావాలి. అక్కడ అందరూ ఉంటారు. వాళ్ల వరుసలో తన క్యాను ఎక్కడ పెట్టాలో, పెడితే ఎవరేమంటారో అనుకుంటూ పడుకున్నాడు.

పొద్దున క్యాన్లకు తాడు బిగిస్తుంటే గేటు కిర్రుమంది.

మల్లక్క. చంకలో నిండు బిందె. దిగువ మలుపు నుంచి ఎత్తు ఎక్కి వచ్చిన ఆయాసంతో నోరు తెరుచుకొని ఊపిరి తీస్తోంది. వెనుక రుత్విక్ రెండు చేతులతో పెద్ద సీసా కౌగిలించుకొని వస్తున్నాడు. ఆమె బిందెను వరండా మెట్టు మీద దించి, నడుం పట్టుకొని నిలబడింది.

"నల్లా నీళ్లు," అంది. "మీ ఇంటికి ఎక్కయి గదా."

బద్రుద్దీన్ తాడు వదిలేసి లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఎవరి చేతి నీళ్లూ అతను తీసుకోలేదు.

"నా మీద కోపం పోయిందా మల్లక్కా?"

"ఎక్కడ పోయింది?" అంది. "నీళ్లకు కాదు కోపం. భూమి లోపల ఏమున్నదో నీకెట్ల తెలుస్తది, నాకెట్ల తెలుస్తది. మోటారు కాలింది అన్నవ్ చూడు, దానికి. మమ్ములను గంత పరాయోళ్లను చేసినవ్. నేను బిచ్చమెత్తినట్టు ఇల్లిల్లు తిరిగితి."

అతను తల వంచుకున్నాడు.

"ఇంగో మాట. నీ బోరు ఉన్నదని మేం ఎన్నడు ఆ మున్సిపాలిటోళ్లను అడగలే. పైకి నీళ్లు ఎందుకు ఎక్కయి, రోజు ఎందుకు రావు అని ఒక్కలు అడగలే. నిన్న జైపాలు, నేను, ఇంకో పదిమందిమి పోయి అడిగినం. పెద్ద పైపు ఏస్తమన్నరు. ఏసిందాక మేం తెస్తం. ఇంటికొక్కరం. ఇయ్యాల నా వంతు, ఎల్లుండి సారవ్వ కోడలిది. బాలింత పిల్ల వస్తున్నదంట గదా, చాలకుంటె చెప్పు."

ఖాతూన్ గిలాసతో వచ్చింది. బిందెలో ముంచి ముందు మల్లక్కకు ఇచ్చి, తరువాత భర్త చేతికి ఇచ్చింది. బద్రుద్దీన్ బిస్మిల్లా అనుకొని తాగాడు. బ్లీచింగు వాసన గుప్పుమంది. ముఖం ముడుచుకోకుండా ఉండాలని చూశాడు, కానీ ముడుచుకుంది.

అది చూసి మల్లక్క పగలబడి నవ్వింది. "మూత తీసి రాత్రంత పెట్టుండ్రి, వాసన పోతది," అంది ఖాతూన్‌తో. "మొదలు నాక్కూడ గొంతు దిగలే."

"ఇట్ల ఈ ఎత్తు ఎక్కి తెస్తె నేను మీకేం ఇయ్యాలె మల్లక్కా?" అన్నాడు బద్రుద్దీన్. గిలాస ఇంకా అతని చేతిలోనే ఉంది.

ఆమె మెట్టు మీద కూలబడి, కొంగుతో మెడ తుడుచుకుంది. "ఏం ఇస్తవ్. నీళ్లు కుండలకు ఒంపుకొని బిందె ఖాళీ చేసియ్యి జల్ది," అంది. "మార్కెట్‌కు యాళ్లయితున్నది."